‘యూదా’ నామధేయులు: ఒక పేరు, పలువురు వ్యక్తులు – ఒక విమర్శనాత్మక పరిశీలన

క్రొత్త నిబంధన ప్రస్తావనలో ‘యూదా’ అను పేరు వినగానే మన విశ్వాసుల మనస్సులో మెదలువాడు ఒక్కడే. ఆ ఒక్కని పేరుకు సువార్తికులు జాగ్రత్తగా చేర్చిన ‘ఇస్కరియోతు’ అను మాటను మనము ప్రసంగములలో తరచుగా విడిచిపెట్టుచున్నాము. సంఘములో తగవు వచ్చినప్పుడు ఎదుటి పక్షమువానిని ‘వీడొక యూదా’ అని నిందించుట కూడ మనకు క్రొత్త కాదు. అయితే గ్రీకు క్రొత్త నిబంధనలో ‘ఇయూదాస్’ అను పేరు గలవారు కనీసము ఎనిమిదిమంది కనబడుచున్నారు. వారిలో ఇద్దరు పన్నెండుమంది శిష్యులలోనివారు. ఒకడు ప్రభువు సహోదరుడు. ఒకడు చూపు కోల్పోయిన సౌలునకు దమస్కులో ఇల్లు ఇచ్చినవాడు. ఒకడు యెరూషలేము సంఘము పంపిన ప్రవక్త. ఇంతమందిని ఒక్కనిగా కుదించుట వలన రెండు నష్టములు కలుగుచున్నవి. మిగిలినవారి సాక్ష్యము మరుగున పడుట మొదటిది. ఒక్కని పాపము ఆ పేరు మోయు జనాంగమంతటిపై పడుట రెండవది. ‘యూదా’, ‘యూదయ’, ‘యూదులు’ అను మాటలు ఒకే నాదముతో పలుకు మన తెలుగులో ఈ రెండవ నష్టము మరింత సులభముగా జరుగును. ఈ వ్యాసములో మా ముఖ్య ఆందోళన అదే.

మొదట ఆ పేరు ఎంత సామాన్యమైనదో గమనింపవలెను. పాలస్తీనా యూదుల పేర్లను శాసనముల నుండి, అస్థిపేటికల నుండి, గ్రంథముల నుండి సేకరించి టాల్ ఇలాన్ 2002లో ఒక నిఘంటువును ప్రకటించెను. అది క్రీ.పూ. 330 నుండి క్రీ.శ. 200 వరకు గల కాలమునకు సంబంధించినది. ఆ సమాచారమును ఆధారము చేసికొని రిచర్డ్ బౌకమ్ 2006లో లెక్క కట్టగా, 2,625 మంది పురుషులలో సీమోనులు 243 మంది, యోసేపులు 218 మంది, ఎలియాజరులు 166 మంది, యూదాలు 164 మంది తేలిరి. అనగా దాదాపు ప్రతి పదహారుమందిలో ఒకడు యూదాయే. ఈ గణాంకములను బట్టి సువార్తల చారిత్రకతను నిరూపింపవచ్చునా అను చర్చ వేరు. 2023లో గ్రెగర్, బ్లేయిస్ అను ఇద్దరు ఆ వాదమును గట్టిగా ప్రశ్నించిరి. మా ప్రయోజనమునకు ఆ నిరూపణ అవసరము లేదు. యూదా అను పేరు ఆనాటి వీధిలో సర్వసాధారణమని తెలిసిన చాలును.

ఎందుకంత సాధారణమైనది? పితరుడైన యూదా పేరు కావుట ఒక కారణమే గాని, అంతమాత్రమే చాలదు. పితరులందరి పేర్లు ఇంతగా వ్యాపింపలేదు. మక్కబీయుల కుటుంబమును చూడుడి. మత్తతీయ కుమారులు ఐదుగురు యోహాను, సీమోను, యూదా, ఎలియాజరు, యోనాతాను. ఈ ఐదు పేర్లును పై పట్టికలో మొదటి ఎనిమిదింటిలోనే ఉన్నవి. అపవిత్రపరచబడిన దేవాలయమును క్రీ.పూ. 164లో తిరిగి ప్రతిష్ఠించి, క్రీ.పూ. 160లో రణరంగమున కూలిన యూదా మక్కబీ ఆ జనాంగమునకు వీరపురుషుడు. యోహాను 10:22లోని ప్రతిష్ఠిత పండుగ ఆయన చేసిన కార్యమునకు స్మారకమే. మక్కబీయుల గ్రంథములు మన ప్రొటెస్టెంటు బైబిలులో లేనందున మన విద్యార్థులలో చాలామందికి ఈ యూదా అపరిచితుడు. కతోలిక సహోదరుల బైబిలులో అవి ఉన్నవి గనుక వారికి ఈ ఇబ్బంది లేదు. ఏది ఏమైనను, మొదటి శతాబ్దపు తల్లి తన కుమారునికి యూదా అని పేరు పెట్టినప్పుడు ఆమె మనస్సులో ఉన్నది ద్రోహము కాదు. స్తుతియు, స్వాతంత్ర్యమును.

ఒకే పేరు పదిమందికి ఉన్నప్పుడు గుర్తు పట్టుటకు మరియొక మాట కావలెను. పన్నెండుమందిలోనే ఇద్దరు సీమోనులు, ఇద్దరు యాకోబులు, ఇద్దరు యూదాలు ఉండిరి. పన్నెండుమందిలో సగము మంది మూడే పేర్లను పంచుకొనిరి! మన పల్లె సంఘములలో నలుగురు యోహానులు ఉన్నప్పుడు ‘పెద్ద యోహాను’, ‘చెరువుగట్టు యోహాను’ అని పిలుచుకొనుట వంటిదే సువార్తలలోను జరిగినది. తండ్రి పేరు, ఊరు, మారుపేరు, అన్న పేరు, ఏది వీలైన అది చేర్చిరి. యోహాను 14:22లో మాత్రము సువార్తికుడు ఒక విచిత్రమైన పద్ధతిని వాడెను. ఆ శిష్యుడు ఎవడో చెప్పక, ఎవడు కాడో చెప్పెను. కడరాత్రి భోజనమువద్ద ప్రభువును ప్రశ్న అడిగిన ఆ మంచి శిష్యునికి ‘ఇస్కరియోతు కానివాడు’ అనునదే గుర్తు. ఈ సువార్త వ్రాయబడు నాటికే ఆ పేరుపై నీడ పడినదని ఇందువలన గ్రహింపవచ్చును.

ఆ నీడనుండి తప్పించుకొనుటకు ఆంగ్ల అనువాదకులు వేరొక మార్గము పట్టిరి. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదములో ఒకే గ్రీకు పేరు మూడు రూపములు దాల్చెను. మత్తయి 1:2లో పితరుడును, 13:55లో ప్రభువు సహోదరుడును ‘జూడస్’. మార్కు 6:3లో అదే సహోదరుడు ‘జూడా’. పత్రికకు వచ్చునప్పటికి అతడే ‘జూడ్’. తరువాతి ఆంగ్ల అనువాదములు పితరునికి వేరొక రూపమును స్థిరపరచినవి గాని, పత్రిక మొదట ‘జూడ్’ను అట్లే ఉంచినవి. ఫలితముగా ‘జూడ్’ అను పరిశుద్ధుడు వేరు, ‘జూడస్’ అను ద్రోహి వేరు అని ఆంగ్ల పాఠకుడు పుట్టుకతోనే నేర్చుకొనుచున్నాడు. మన తెలుగు బైబిలు అట్లు చేయలేదు. పితరుడు యూదా, ద్రోహి యూదా, పత్రికాకర్త యూదా, అందరును యూదాయే. అటులనే ఆంగ్లములో ‘జేకబ్’, ‘జేమ్స్’ అని విడిపోయిన పేరు మనకు ఒకే ‘యాకోబు’గా నిలిచినది. ఈ విషయములో మన అనువాదకులు మూలమునకు నమ్మకముగా ఉండిరని మేము అభినందించుచున్నాము. అయితే ఆంగ్ల వ్యాఖ్యానములను చదివి తెలుగులో ప్రసంగించు మనము వారు కాపాడిన దానిని పోగొట్టుకొనుచున్నాము.

ఇక పత్రికాకర్తయైన యూదా విషయము. ఇతడు పన్నెండుమందిలోని ‘యాకోబు యూదా’ (లూకా 6:16) అని కొందరు బోధించుదురు. గ్రీకులో ‘యాకోబు యొక్క యూదా’ అని మాత్రమే ఉన్నది. సామాన్యముగా ఇట్టి ప్రయోగమునకు ‘కుమారుడు’ అని అర్థము. ‘సహోదరుడు’ అని చేర్చిన అనువాదములు పత్రిక మొదటి వచనమును చూచి ఈ ఇద్దరిని ఒక్కనిగా చేసినవి. ఈ గుర్తింపు నిలువదని మా అభిప్రాయము. పత్రిక 17వ వచనములో రచయిత అపొస్తలులను తనకు వెలుపలివారిగా పేర్కొనుచున్నాడే గాని, తనను వారిలో లెక్కించుకొనుట లేదు. ఇంకను మత్తయి, మార్కుల జాబితాలలో యాకోబు యూదా ఉండవలసిన చోట తద్దయి ఉన్నాడు. ‘యూదా తద్దయి’ అను జంట పేరు లేఖనములో ఎక్కడను లేదు, అది రెండు జాబితాలను సరిపెట్టుటకు సంఘము కల్పించుకొన్న పరిష్కారము. ఆ పరిష్కారము అసాధ్యమని మేము అనము. దానిని లేఖనము చెప్పినట్లుగా బోధింపరాదని మాత్రము అందుము.

అట్లయిన పత్రికాకర్త మార్కు 6:3లోని ప్రభువు సహోదరుడగును. కాని అతడు తనను యేసుక్రీస్తు ‘దాసుడు’ అనియు, యాకోబు ‘సహోదరుడు’ అనియు చెప్పుకొనెను. రెండవ శతాబ్దాంతమున అలెగ్జాండ్రియ క్లెమెంతు ఈ విషయమును గమనించి, ప్రభువుతో తనకు గల బంధుత్వమును ఎరిగియు అతడు ఆయన సహోదరుడనని చెప్పుకొనలేదని వ్యాఖ్యానించెను. బంధుత్వము చెప్పుకొని పదవులు సంపాదించు దినములలో ఇది ఆలోచింపదగిన మాట.

ఈ యూదా కుటుంబమును గూర్చి హెగెసిప్పు చెప్పిన ఒక వృత్తాంతమును యూసేబియు తన సంఘ చరిత్ర మూడవ పుస్తకములో భద్రపరచెను. దావీదు వంశపువారని ఎవరో కొండెము చెప్పగా, యూదా మనుమలను డొమీషియను చక్రవర్తి (క్రీ.శ. 81–96) ఎదుటికి తెచ్చిరి. మీకెంత ఆస్తి ఉన్నదని ఆయన అడిగెను. ఇద్దరికి కలిపి తొమ్మిదివేల దేనారముల విలువ ఉన్నదనియు, అది రొక్కము కాదు, ముప్పది తొమ్మిది ప్లెత్రముల భూమి మాత్రమేననియు, దానిని తామే సాగుచేసి పన్ను కట్టుకొని బ్రతుకుచున్నామనియు వారు చెప్పిరి. సాక్ష్యముగా కాయలు కాచిన తమ చేతులను చూపిరి. క్రీస్తు రాజ్యమును గూర్చి అడిగినప్పుడు అది ఈ లోక సంబంధమైనది కాదని బదులిచ్చిరి. చక్రవర్తి వారిని అల్పులుగా ఎంచి విడిచిపెట్టెను. ఈ కథలోని ప్రతి వివరమును చరిత్రగా నిరూపింపలేము. అయినను మొదటి శతాబ్దాంతమున యూదా సంతతి సంఘములో గౌరవింపబడినదని ఇది చూపుచున్నది. మన ఆరాధన ముగింపులో చేతులెత్తి యూదా 24, 25 వచనములతో ఆశీర్వదించు కాపరి ఆ కాయలు కాచిన చేతులవారి తాత మాటలనే పలుకుచున్నాడు. సంఘములో ఎంతమందికి ఈ సంగతి చెప్పియున్నాము?

దమస్కులో ‘తిన్ననిదనబడిన’ వీధిలోని యూదాను గూర్చి అపొస్తలుల కార్యములు ఒక్క వాక్యమునకు మించి చెప్పదు (9:11). బర్సబ్బా అను యూదా సీలతో కలిసి అంతియొకయకు యెరూషలేము తీర్మానమును మోసికొనిపోయి, అన్యజన విశ్వాసులను ఆదరించెను (15:22–32). అన్యజనులమైన మన స్వాతంత్ర్యమును ప్రకటించిన పత్రికను మోసినవారిలో ఒకడు యూదా అని జ్ఞాపకముంచుకొనుట మేలు.

గమలియేలు ప్రసంగములోని గలిలయుడైన యూదా (5:37) వేరొక కోవకు చెందినవాడు. క్రీ.శ. 6లో కురేనియ చేయించిన జనసంఖ్యకు ఎదురు తిరిగి, దేవుడు తప్ప మరియొక ప్రభువు లేడని బోధించిన ఇతని గూర్చి జోసీఫసు వివరముగా వ్రాసెను. ఇతని కుమారులు యాకోబు, సీమోను తిబెరియ అలెగ్జాండరు అధికారకాలమున (46–48) సిలువ వేయబడిరి. ఇక్కడ పేర్ల సమస్య మరియొకటి కలదు. గమలియేలు యూదాకు ముందు లేచెనని చెప్పిన థూదాను జోసీఫసు ఫాదు కాలమునకు (44–46) చెందినవానిగా చూపుచున్నాడు. ఇబ్బందిని తొలగించుటకు ‘ఆ పేరుగలవారు ఇద్దరు ఉండిరి’ అని మన వ్యాఖ్యాతలు చెప్పుదురు. సాధ్యమే. కాని విమర్శకుడు నిజాయితీగా ఉండవలెను. కాలము సరిపోనప్పుడు ఒక్కనిని ఇద్దరుగా చీల్చి, జాబితా సరిపోనప్పుడు ఇద్దరిని ఒక్కనిగా కలుపుట పద్ధతి కాదు. పేరు సాధారణమైనదైతే ‘ఇద్దరు’ అను వాదమునకు బలము ఎక్కువ. అరుదైనదైతే తక్కువ. థూదా అను పేరు యూదా వలె వీధివీధికి దొరకునది కాదు గనుక అక్కడ మనము మరింత జంకుతో మాటలాడవలెను.

మన దేశమునకు సంబంధించిన యూదా ఒకడున్నాడు. తోమా, దిదుమ అనునవి రెండును ‘కవల’ అను అర్థమిచ్చు మాటలే. ఒకటి అరమయికు, మరియొకటి గ్రీకు. ఆ శిష్యుని అసలు పేరేమి? సిరియా సంఘము యూదా అని చెప్పుచు వచ్చినది. ప్రాచీన సిరియాక్ సువార్తలలో క్యూరెటన్ ప్రతి యోహాను 14:22లో ‘యూదా తోమా’ అని చదువుచున్నది. మూడవ శతాబ్దపు తోమా కార్యములలో కూడ అపొస్తలుని పేరు యూదా తోమా. ఆ గ్రంథము ప్రకారము చీట్లు వేసినప్పుడు భారతదేశము అతని వంతు వచ్చెను. అతడు వెళ్లనొల్లకపోగా, ప్రభువే విక్రయపత్రము వ్రాసి, హబ్బాను అను వర్తకునికి తన దాసుడైన యూదాను అమ్మెను. యూదా ప్రభువును అమ్మిన కథ మనకందరికి తెలియును, ప్రభువు యూదాను అమ్మిన కథ ఇది! దీనిని చరిత్రగా తీసికొనవలెనని మేము చెప్పము. వీరు ప్రస్తావించిన గుందఫరు రాజు నాణెములు వాయవ్య భారతమున దొరికినంతమాత్రమున గ్రంథములోని తక్కిన కథనమంతయు రుజువు కాదు. అయితే చెన్నపట్టణములోని పరంగిమలకు యాత్ర చేయు తెలుగు విశ్వాసి అక్కడ ఎవరిని స్మరించుచున్నాడో, ఆయనను తొలి సిరియా క్రైస్తవులు ఏ పేరుతో పిలిచిరో తెలిసికొనుట అవసరము.

ఇప్పుడు ఇస్కరియోతు వద్దకు వత్తము. ఆ మాట ‘సికారి’ అను కత్తిగాండ్ర ముఠా పేరునుండి వచ్చినదను వాదము బలహీనమైనది. జోసీఫసు ప్రకారము ఆ ముఠా ఫేలిక్సు కాలమున, అనగా ప్రభువు మరణించిన రెండు దశాబ్దముల తరువాత తలయెత్తెను. యోహాను 6:71లో మేలైన వ్రాతప్రతులు ఆ మాటను తండ్రియైన సీమోనుకు చేర్చుచున్నవి. కాబట్టి అది ఊరిని బట్టి కుటుంబమునకు వచ్చిన పేరు, మన ఇంటిపేర్లలో అనేకము ఊళ్లనుండి వచ్చినట్లే. ‘కెరీయోతువాడు’ అను వివరణయే ఎక్కువ సహజముగా ఉన్నది. దీనిపై మన పల్పిటులలో ఒక మేడ కట్టబడినది. పదునొకండుగురు గలిలయులు, ఇతడొక్కడే యూదయవాడు, అందుకే ద్రోహము చేసెను అని. కెరీయోతు యూదా గోత్రములోను ఉన్నది (యెహోషువ 15:25), మోయాబులోను ఉన్నది (యిర్మీయా 48:24). ఊరి పేరుకు సయితము జంట ఉన్నప్పుడు దానిపై ఇంత బోధ నిలుచునా? నిలిచినను, ఒక ప్రాంతమువాడు గనుక ద్రోహియయ్యెనను తర్కము సువార్తది కాదు.

2006లో ప్రచురింపబడిన కోప్తు భాషలోని ‘యూదా సువార్త’ అప్పట్లో పత్రికలలో చాల అలజడి రేపినది. సుమారు క్రీ.శ. 180లో ఐరేనియసు ఇట్టి పేరుగల గ్రంథమును ఖండించియుండెను. అది జ్ఞానవాదుల ఆలోచనలను తెలిసికొనుటకు ఉపకరించును గాని, ఇస్కరియోతును గూర్చి చారిత్రక సమాచారమేమియు ఇవ్వదు. దానివద్ద ఆగనక్కర లేదు.

ఆగవలసిన చోటు క్రియాపదము. అతడు చేసిన పనికి సువార్తికులు వాడిన మాట ‘పరదిదోమి’, అనగా అప్పగించుట. ‘ద్రోహి’ అను అర్థమిచ్చు ‘ప్రొదొతేస్’ లూకా 6:16లో ఒక్కసారి మాత్రమే అతనికి చెప్పబడినది. మన తెలుగు బైబిలు సాధారణముగా ‘అప్పగించు’ అనియే అనువదించుట ఆంగ్ల అనువాదములకంటె మూలమునకు దగ్గరగా ఉన్నది. విలియం క్లాసెన్ 1996లో ఈ పదము ఆధారముగా ఇస్కరియోతు ద్రోహియే కాడని వాదించెను. అంతదూరము మేము పోలేము. మత్తయి 27:4లో అతడే తన పాపమును ఒప్పుకొన్నాడు. అయితే రోమా 8:32లో తండ్రి తన కుమారుని మనకొరకు ‘అప్పగించెను’ అని పౌలు చెప్పినప్పుడు వాడినది అదే క్రియ. కార్ల్ బార్త్ 1942లో వెలువడిన తన సిద్ధాంతశాస్త్ర సంపుటములో ఈ రెండు అప్పగింతలను ప్రక్కప్రక్కన నిలిపి చేసిన ధ్యానము మన విద్యార్థులు తప్పక చదువవలసినది. దేవుని అప్పగింత ముందు ఇస్కరియోతు అప్పగింత ఎంత నిస్సహాయమైనదో బార్త్ చూపెను.

కాని బార్త్ సయితము ఒక పాత వాడుకను పూర్తిగా విడువలేకపోయెను. ఇస్కరియోతు పేరులో యూదా గోత్రమును చూచి, అతనిలో ఇశ్రాయేలు తిరస్కారమునకు ప్రతినిధిని చూచెను. దీని మూలము అగస్టీనులో ఉన్నది. 108వ కీర్తన (మన లెక్కలో 109) వ్యాఖ్యానములో ఆయన పేతురు సంఘమునకు గుర్తనియు, యూదా క్రీస్తునకు శత్రువులైన యూదులకు గుర్తనియు చెప్పెను. ఇది పేరుపై కట్టిన వాదము తప్ప వాక్యముపై కట్టినది కాదు. పేతురు యూదుడు కాడా? పన్నెండుమందిలోని రెండవ యూదా ఎవరికి గుర్తు? పదహారుమందికి ఒకడు మోయు పేరు ఒక జనాంగపు దోషమునకు చిహ్నమెట్లగును? ఐరోపాలో ఈ వ్యాఖ్యానము బళ్లలోను నాటకములలోను చిత్రములలోను వ్యాపించి, యూదులపై ద్వేషమునకు శతాబ్దములపాటు ఇంధనమైనది. మన తెలుగు నేలపై అట్టి హింస చరిత్ర లేదు. కాని శుభ శుక్రవారమున ‘యూదా అమ్మెను, యూదులు చంపిరి’ అని ఒక్క ఊపిరిలో పలుకు మన వాడుక ఆ వ్యాఖ్యానమునకు ప్రతిధ్వనియే. ఆ రెండు మాటల మధ్య మన భాషలో ఒక్క అక్షరపు ఎడము కూడ సరిగా లేదు.

పేరును బట్టియే ఆలోచింపదలచినచో ఆదికాండమునకు పోవలెను. యోసేపును అమ్ముదమని సహోదరులకు చెప్పినవాడు యూదా (37:26, 27). వెల ఇరువది తులముల వెండి. మత్తయిలోని ముప్పది వెండి నాణెములు జెకర్యా 11:12 నుండి వచ్చినవే గనుక, మత్తయి ఈ పోలికను ఉద్దేశించెనని మేము గట్టిగా చెప్పలేము. అయినను సహోదరుని అమ్మిన ఆ యూదాయే 44వ అధ్యాయములో తమ్ముడైన బెన్యామీనుకు బదులుగా తానే దాసుడనగుదునని ముందుకు వచ్చెను. అమ్మినవాడు పూటకాపు అయ్యెను. మత్తయి తన వంశావళిని మొదలుపెట్టిన నాలుగవ తరములోనే ఆ పేరును వ్రాసెను, ప్రభువు ఆ గోత్రమునుండియే వచ్చెను.

కొన్ని సంవత్సరముల క్రితము మా సేవలో ఒక యౌవన దంపతులు ఆదికాండము 29:35 చదివి, తమ మగబిడ్డకు యూదా అని పేరు పెట్టగోరిరి. ప్రతిష్ఠ దినమున ఒక పెద్ద లేచి, “వద్దండి అయ్యగారూ, రేపు బళ్లో పిల్లలు వీణ్ణి ఏమంటారో తమకు తెలియదా?” అనిరి. ఆ పెద్దగారి మనుమని పేరు జూడ్! రెండును ఒకే పేరని చెప్పినప్పుడు ఆయన నమ్మలేదు. బైబిలు తెరచి పత్రిక మొదటి వచనమును చదివించితిమి. చివరకు తల్లిదండ్రులు కోరిన పేరే నిలిచినది. పెద్దగారు మాత్రము ఆ బాలుని నేటికిని ‘బాబు’ అనియే పిలుచుచున్నారు.

యెరూషలేము సంఘ అధ్యక్షుల పట్టికను యూసేబియు నాలుగవ పుస్తకములో ఇచ్చెను. ప్రభువు సహోదరుడైన యాకోబు మొదలుకొని హద్రియాను కాలపు యుద్ధము (క్రీ.శ. 132–135) వరకు సున్నతి పొందినవారే పదునైదుగురు ఆ సంఘమును కాచిరి. ఆ తరువాత యూదులు ఆ పట్టణములో అడుగుపెట్టరాదని నిషేధింపబడగా, అన్యజనుడైన మార్కు అధ్యక్షుడయ్యెను. పదునైదవవాడు, చివరివాడు, యూదా.